ముందు బరువు తగ్గాలా, ముందు పిల్లల కోసం ప్రయత్నించాలా?

పదిహేను రోజుల తేడాతో ఇద్దరు డాక్టర్లు నాకు రెండు రకాల మాటలు చెప్పారు. మొదటి ఆవిడ ఫైలు తెరవకుండానే నన్ను పై నుంచి కింది దాకా ఓసారి చూసి, "పది కిలోలు తగ్గి రామ్మా, అప్పుడు చూద్దాం" అన్నారు. రెండో ఆవిడ ముందుగా బరువు ఊసే ఎత్తలేదు. వయసెంత, పీరియడ్స్ ఎన్ని రోజులకి వస్తున్నాయి అని అడిగి కాగితం మీద రెండు అంకెలు రాసుకున్నారు: 33 ఏళ్లు, 60 నుంచి 70 రోజులు. "మీకు నెలనెలా గుడ్డు విడుదల కావట్లేదు. ముందు ఆ సంగతి చూద్దాం" అన్నారు.

నా ఎత్తు 156 సెంటీమీటర్లు. అప్పటి బరువు 74 కిలోలు. ఇంట్లో ఎవరు ఫోన్ చేసినా "ఏమైనా విశేషమా?" అనే ప్రశ్నతోనే మొదలయ్యేది. ఆ టెన్షన్‌లో ఎవరి మాట వినాలో తేల్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కాకపోతే అది ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు వర్తిస్తుందన్నదే అసలు విషయం. నేను డాక్టర్ని కాదు. ఈ దారిలో నడిచి, దొరికిన పరిశోధనలన్నీ ఓపిగ్గా చదివిన మనిషిని. అప్పుడు నాకెవరైనా ఇలా విడమరిచి చెప్పి ఉంటే బాగుండేది అనిపించినవి ఇక్కడ రాస్తున్నాను.

మీ అంకె ఎంత?

ముందు బీఎంఐ లెక్క వేసుకోండి. కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే అది. నాది 74ని 1.56తో ఒకసారి, వచ్చినదాన్ని మళ్లీ 1.56తో భాగిస్తే 30.4.

ఇంటర్నెట్‌లో దొరికే లెక్కల్లో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అని ఉంటుంది. మన దేశంలో డాక్టర్లు వాడే గీత ఇంకా కింద ఉంటుంది: 23కే అధిక బరువు, 25కే ఊబకాయం. ఒకే బరువున్న తెల్లవాళ్లతో పోలిస్తే మనకి పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ, షుగర్ కూడా ముందే పలకరిస్తుంది. నా ఎత్తున్న ఆడవాళ్లకి ఈ లెక్కలో 45 కిలోల లోపు తక్కువ బరువు, 56 దాటితే ఎక్కువ, 61 దాటితే ఊబకాయం. నడుము చుట్టుకొలత కూడా చూసుకోవాలి. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే జాగ్రత్త పడాలి.

ఇది మీ ఒక్కరి సమస్యే అనుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లని చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మంది బీఎంఐ 25 లేదా అంతకంటే ఎక్కువ. దేశం మొత్తం మీద అది 24 శాతమే. అదే సర్వేలో రెండో అంచున 18.5 కంటే తక్కువ ఉన్నవాళ్లు ఆంధ్రలో 14.8, తెలంగాణలో 18.8 శాతం. వాళ్ల సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కిందికి వచ్చాక మాట్లాడదాం.

బరువుకంటే ముందు చూడాల్సింది నెలసరి

21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడో ఒకప్పుడు క్రమంగా పీరియడ్స్ వస్తుంటే, దాదాపుగా గుడ్డు విడుదలవుతున్నట్టే. రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి, లేదా మాత్ర వేసుకుంటేనే వస్తుంటే చాలా నెలల్లో గుడ్డు విడుదల కావట్లేదని అర్థం. బరువు ఎక్కువైన ప్రతి ఒక్కరూ మొదట ఈ రెండు వరసల్లో తాము ఎక్కడున్నారో చూసుకోవాలి. ఎందుకంటే ఈ రెండు వరసల్లో బరువు చేసే పని ఒకటి కాదు.

ఒంట్లో కొవ్వు పెరిగితే ఇన్సులిన్ సరిగ్గా పని చేయదు. దాంతో శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాన్ని మగ హార్మోన్లు ఎక్కువ తయారు చేసేలా రెచ్చగొడుతుంది. గుడ్లు సగం ఎదిగి ఆగిపోతాయి. మనవాళ్లు పీసీఓడీ అనీ, పరిశోధకులు పీసీఓఎస్ అనీ పిలిచేదాంట్లో జరిగేది చాలావరకు ఇదే. ఇక్కడ బరువు ఒక స్విచ్చులాంటిది. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో పీరియడ్స్ దారిలో పడతాయి. 74 కిలోలకి 5 శాతం అంటే 3.7 కిలోలు. నన్ను తగ్గమన్న పది కిలోలకీ దీనికీ ఎంత దూరమో చూడండి.

పీరియడ్స్ క్రమంగా వచ్చేవాళ్లలో బరువు స్విచ్చు కాదు, బ్రేకు. ఆపేయదు, నెమ్మదింపజేస్తుంది. ఎంత నెమ్మదింపజేస్తుందో నెదర్లాండ్స్‌లో లెక్కగట్టారు. గుడ్డు సరిగ్గానే విడుదలవుతున్నా పిల్లలు కలగని మూడు వేలకు పైగా జంటలని గమనించి 2008లో ఫలితాలు ప్రచురించారు. బీఎంఐ 29 దాటాక పెరిగే ఒక్కో పాయింటుకి సహజంగా గర్భం వచ్చే అవకాశం సుమారు 4 నుంచి 5 శాతం చొప్పున తగ్గింది. ఈ తగ్గుదల, ఆడవాళ్ల వయసు ఒక ఏడాది పెరిగినప్పుడు కనిపించే తగ్గుదలతో సమానం అని వాళ్లే రాశారు.

నాకు ఈ వాక్యం దగ్గరే లెక్క దొరికింది. బరువునీ వయసునీ ఒకే తక్కెడలో పెట్టి తూచవచ్చన్నమాట. నా ఎత్తుకి ఒక బీఎంఐ పాయింటు అంటే సుమారు రెండున్నర కిలోలు. ఆరు నెలల్లో అయిదు కిలోలు తగ్గగలిగితే రెండు పాయింట్లు లాభం, అర ఏడాది నష్టం. బేరం గిట్టుబాటే. "తగ్గాకే ప్రయత్నిద్దాం" అనుకుంటూ రెండేళ్లు గడిపి, చివరికి కిలో తగ్గితే? అసలుకే నష్టం. పైగా 37, 38 దాటాక ఒక ఏడాది విలువ ఇరవైల్లోని ఏడాది లాంటిది కాదు, ఇంకా బరువైనది.

రెండు దారులనీ నిజంగా పోల్చి చూస్తే

"ముందు తగ్గండి" అనే సలహా వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. అందుకే దాన్ని ఎవరూ చాలాకాలం పరీక్షించి చూడలేదు. చూశాక వచ్చిన ఫలితాలు ఆశ్చర్యంగా ఉన్నాయి.

నెదర్లాండ్స్‌లోనే జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. పిల్లలు కలగని, బీఎంఐ 29 లేదా ఆపైన ఉన్న 577 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఆరు నెలలు తిండి, వ్యాయామం విషయంలో దగ్గరుండి సాయం చేసి, ఆ తర్వాత చికిత్స ఇచ్చారు. రెండో గుంపుకి వెంటనే చికిత్స. మొదటి గుంపు సగటున 4.4 కిలోలు తగ్గింది, రెండోది 1.1 కిలోలు. రెండేళ్లలో నెలలు నిండి, సాధారణ కాన్పులో, ఆరోగ్యంగా ఒకే బిడ్డని కన్నవాళ్లు మొదటి గుంపులో 27.1 శాతం, రెండో గుంపులో 35.2 శాతం. ముందు తగ్గినవాళ్లే వెనకబడ్డారు!

అయితే అదే పరీక్షలో ఇంకో అంకె ఉంది. చాలామంది దాన్ని చెప్పకుండా వదిలేస్తారు. ఏ చికిత్సా లేకుండా సహజంగా గర్భం నిలిచినవాళ్లు బరువు తగ్గిన గుంపులో 26.1 శాతం, రెండో గుంపులో 16.2 శాతం. అంటే ఆ కాస్త తగ్గినా ఒళ్లు స్పందించింది. చికిత్స మాత్రం ఆలస్యమైంది. ఏది ముఖ్యమన్నది మీ చేతిలో ఎంత సమయం ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇక ఐవీఎఫ్‌కే (గుడ్డునీ వీర్యకణాన్నీ బయట కలిపి, ఆ పిండాన్ని గర్భాశయంలో పెట్టే పద్ధతి) వెళ్లేవాళ్లయితే? స్వీడన్, డెన్మార్క్, ఐస్‌లాండ్‌లలో జరిగి 2017లో ఫలితాలు వచ్చిన పరీక్షలో బీఎంఐ 30 నుంచి 35 మధ్య ఉన్నవాళ్లతో ఐవీఎఫ్ ముందు పన్నెండు వారాలు చాలా తక్కువ క్యాలరీల ఆహారం తినిపించారు. సగటున 9 కిలోలకు పైగా తగ్గారు. బిడ్డని కన్నవాళ్లు 29.6 శాతం. తగ్గకుండా నేరుగా ఐవీఎఫ్‌కి వెళ్లినవాళ్లలో 27.5 శాతం. ఆ తేడాని తేడాగా లెక్కలోకి తీసుకోలేం. అమెరికాలో 2022లో కారణం తెలియని సంతానలేమి ఉన్న 379 మందితో చేసిన పరీక్షలోనూ అంతే. ముందు పదహారు వారాలు గట్టిగా బరువు తగ్గించినా పుట్టిన ఆరోగ్యకరమైన పిల్లల సంఖ్య పెరగలేదు.

దీన్నిబట్టి బరువు పట్టించుకోనక్కర్లేదని కాదు. బరువు ఎక్కువ ఉంటే గర్భంలో షుగర్, బీపీ, అబార్షన్, ఆపరేషన్ కాన్పు అన్నిటి రిస్కూ పెరుగుతుంది. అది నిజం. బరువు తగ్గితే మంచిదా అని నన్నడిగితే మంచిదే అంటాను. దాని కోసం చికిత్సని ఆపుకోవాలా అన్నది వేరే ప్రశ్న. డాక్టర్ల దగ్గర ఈ రెండు ప్రశ్నలూ తరచూ ఒకటిగా కలిసిపోతాయి. మొదటి ఆవిడ దగ్గర నాకు జరిగింది అదే.

ఎవరికి ఏది

32 లోపు వయసు, పీరియడ్స్ క్రమం తప్పి వస్తున్నాయి, బీఎంఐ 25 పైన: మీకు ముందు బరువు తగ్గడమే మంచి బేరం. కానీ గడువు పెట్టుకోండి. నాలుగు నెలలు, మహా అయితే ఆరు. 5 శాతం లక్ష్యం చాలు. ఈలోపు గర్భం రాకుండా జాగ్రత్తపడాల్సిన పని లేదు (బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడకపోతేనే, దాని సంగతి కింద చెప్తాను). తగ్గుతున్న మధ్యలోనే నెల తప్పినవాళ్లు చాలామందే ఉంటారు.

అదే వయసు, పీరియడ్స్ క్రమంగా వస్తున్నాయి: తగ్గడం, ప్రయత్నించడం రెండూ కలిపి నడిపించండి. ఏడాది చూడండి. అప్పటికీ రాకపోతే పరీక్షలకి వెళ్లండి. ఈలోపు ఎవరైనా "ఒళ్లు తగ్గితే అదే వస్తుంది" అంటే చిరునవ్వు నవ్వి ఊరుకోండి.

33 నుంచి 36 మధ్య ఉన్నవాళ్లకే నిర్ణయం కష్టం. నేనూ అక్కడే ఉన్నాను కాబట్టి తెలుసు. ఈ వయసులో మొదట పరీక్షలు, ముఖ్యంగా గుడ్ల నిల్వ ఎంతో చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష, భర్తకి వీర్యపరీక్ష చేయించుకుని అప్పుడు నిర్ణయించుకోవాలి. గుడ్ల నిల్వ బాగుండి, పీసీఓడీ ఒక్కటే సమస్య అయితే మూడు నాలుగు నెలలు బరువు మీద పెట్టవచ్చు. నిల్వ తక్కువుంటే వద్దు, చికిత్సతో పాటే తగ్గండి. 35 దాటినవాళ్లు ఆరు నెలలు ప్రయత్నించి రాకపోతే ఆగకూడదన్నది ఎక్కడైనా చెప్పే మాటే.

37 దాటితే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. "ముందు తగ్గి రండి" అన్న ఒక్క మాట మీద ఆరు నెలలు వదులుకోకండి. బీఎంఐ 35కి పైన ఉండి, మత్తు ఇవ్వడానికే ఇబ్బంది అని డాక్టర్ చెబితే మధ్యేమార్గం ఒకటుంది: ముందు గుడ్లు తీసి పిండాలు ఫ్రీజ్ చేయించి, ఆ తర్వాత తీరిగ్గా బరువు తగ్గి, అప్పుడు పిండం పెట్టించుకోవడం. ఖర్చు ఎక్కువే. గుడ్లు తీయడానికీ మత్తు కావాలి కాబట్టి అందరికీ కుదరదు. కుదిరేవాళ్లకి మాత్రం వయసుని అక్కడికి ఆపి ఉంచినట్టవుతుంది.

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లకి ఈ నిర్ణయం వాళ్ల చేతుల్లో ఉండదు. అక్కడ చాలా ప్రాంతాల్లో ప్రభుత్వ ఖర్చుతో ఐవీఎఫ్ చేయాలంటే భార్య బీఎంఐ 30 లోపు ఉండాలి. కాబట్టి అక్కడున్నవాళ్లు తగ్గి తీరాలి, లేదా సొంత డబ్బుతో వెళ్లాలి. ఇలాంటి దంపతులు కొందరు సెలవు పెట్టుకుని ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రులకి వస్తుంటారు. ఇక్కడ ఐవీఎఫ్ లాంటి చికిత్సల మీద 2021లో వచ్చిన చట్టం వయసుకి పరిమితి పెట్టింది, ఆడవాళ్లకి 50, మగవాళ్లకి 55. బరువుకి అందులో పరిమితి లేదు.

తగ్గాలనుకుంటే, ఎలా?

ఇక్కడ నాలుగు దారులున్నాయి. వాటిని ఒకదానికొకటి బదులుగా చూడటం పొరపాటు. ఒక్కొక్కదానికీ పట్టే సమయం వేరు, పిల్లల కోసం ప్రయత్నించేవాళ్లకి అసలు ఖర్చు ఆ సమయమే.

తిండి, నడక. పీసీఓఎస్ మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, ఏ ఒక్క డైట్ మరో డైట్ కంటే మెరుగని రుజువు లేదని తేల్చాయి. అంటే కీటో చేయకపోయినా, అన్నం పూర్తిగా మానేయకపోయినా నష్టం లేదు. మన భోజనంలో సమస్య అన్నం అనే పదార్థం కాదు, కంచంలో దాని వాటా. పప్పుచారు, పచ్చడి, పెరుగు మూడింటికీ మూడు సార్లు అన్నం వడ్డించుకుంటాం. నేను చేసిన మార్పు ఒక్కటే: అన్నం ఒక్కసారే, చిన్న గిన్నె కొలతతో. మిగతా చోటు కూరకీ, ముద్దపప్పుకీ, గుడ్డుకీ. ఉదయం ఇడ్లీల బదులు పెసరట్టు, ఉప్మా మాత్రం లేకుండా. మా అత్తగారికి ఆ పెసరట్టు సగమే అనిపించింది. సాయంత్రం టీలో పంచదార, దాంతో వచ్చే రెండు బిస్కెట్లు మానేయడం చాలా కష్టమైంది. దాంతో పాటు వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడక. రోజూ ఇరవై రెండు నిమిషాలంటే పెద్ద పనిలా అనిపించదు.

ఈ దారిలో నెలకి కిలో, కిలోన్నర తగ్గుతారు. చాలు. పొట్ట మాడ్చుకుని నెలకి ఆరేడు కిలోలు దింపే పద్ధతులు ఈ సమయంలో అస్సలు వద్దు. ఒంటికి కరువొచ్చిందని మెదడు అనుకుంటే ఉన్న పీరియడ్స్ కూడా ఆపేస్తుంది.

మెట్‌ఫార్మిన్. "బరువు తగ్గడానికి షుగర్ మాత్ర ఇచ్చారు" అని చాలామంది చెప్పుకునేది ఇదే. ఇది బరువు తగ్గే మాత్ర కాదు. ఇన్సులిన్ బాగా పని చేసేలా చూస్తుంది, బరువు మీద ప్రభావం కొద్దిగానే. ఒక్క దానితోనే గర్భం వస్తుందనుకుంటే నిరాశే. 2007లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 626 మందిని పోల్చి చూస్తే, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవాళ్లలో 7.2 శాతం మందికి, గుడ్డు విడుదలకి వాడే క్లోమిఫిన్ వాడినవాళ్లలో 22.5 శాతం మందికి పిల్లలు పుట్టారు. షుగర్ అంచున ఉన్నవాళ్లకి మెట్‌ఫార్మిన్ విలువైనదే. కానీ దాన్ని చికిత్స అనుకుని ఏడాది కూర్చోకండి.

మాత్రల మాట వచ్చింది కాబట్టి: ఇప్పుడు గుడ్డు విడుదలకి మొదట వాడేది లెట్రోజోల్. 2014లో 750 మందితో జరిగిన పరీక్షలో దీనితో 27.5 శాతం, క్లోమిఫిన్‌తో 19.1 శాతం మందికి పిల్లలు పుట్టారు. బీఎంఐ 30 దాటినవాళ్లలోనే ఈ తేడా బాగా కనిపించింది. అంటే బరువు ఎక్కువున్నవాళ్లకి ఎక్కువ పనికొచ్చే మాత్ర ఇదే. తమాషా ఏమిటంటే మన దేశంలో 2011 నుంచి 2017 దాకా సంతానలేమికి దీన్ని వాడకూడదని నిషేధం ఉండేది. ఆ రోజుల్లో చికిత్స తీసుకున్న అక్కలు, వదినలు "అది వేసుకోకూడదంట" అని చెబితే ఆ భయం అక్కడి నుంచి వచ్చిందే. నిషేధం ఎత్తేసి చాలా ఏళ్లయింది.

ఇంజెక్షన్లు. మన దేశంలో 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ వచ్చాక పిల్లల కోసం చూసే ప్రతి ఇంట్లోనూ ఇవి చర్చకి వస్తున్నాయి. బరువు తగ్గించడంలో వీటితో ఏ డైటూ పోటీ పడలేదు. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ మీద జరిగిన ప్రధాన పరీక్షలో 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గింది. కానీ పిల్లల కోసం చూసేవాళ్లు వీటి లెక్క వేరేగా వేసుకోవాలి.

గర్భంలో ఇవి వాడకూడదు. సెమాగ్లూటైడ్ అయితే ప్రయత్నం మొదలుపెట్టడానికి కనీసం రెండు నెలల ముందు, మౌంజారోలోని టిర్జెపటైడ్ అయితే కనీసం నెల ముందు ఆపేయాలి. వాడినన్నాళ్లూ గర్భం రాకుండా చూసుకోవాలి. ఇక్కడో మెలిక ఉంది: మౌంజారో వాడేటప్పుడు నోటి ద్వారా వేసుకునే గర్భనిరోధక మాత్ర సరిగ్గా పని చేయకపోవచ్చు. అందుకే మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు కండోమ్ కూడా వాడమంటారు. మరోపక్క, బరువు తగ్గేసరికి ఎన్నాళ్లుగానో ఆగిన గుడ్డు మళ్లీ విడుదలై అనుకోకుండా నెల తప్పినవాళ్లూ ఉన్నారు. ఆపేశాక బరువు తిరిగి రావడం కూడా తెలిసిన విషయమే. సెమాగ్లూటైడ్ పరీక్షలోనే ఇంజెక్షన్ ఆపిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చేసింది. ఆ తిరిగొచ్చే ఏడాదే మీరు గర్భవతిగా ఉండే ఏడాది.

కాబట్టి 28 ఏళ్లు, బీఎంఐ 34, షుగర్ అంచున ఉన్న మనిషికి ఇది తెలివైన దారే కావచ్చు. 36 ఏళ్లుండి ఈ ఏడాదే బిడ్డ కావాలనుకునేవాళ్లకి ఏడాదిన్నర కోర్సు, ఆపై రెండు నెలల విరామం అంటే అసలు ఉద్దేశమే పక్కకి పోతుంది. తెలిసిన మందుల షాపులో కొనుక్కుని సొంతంగా మొదలుపెట్టడం మాత్రం ఎవరికీ మంచిది కాదు.

బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ గురించి క్లుప్తంగా. బీఎంఐ 35 దాటి, షుగర్ లాంటివి కూడా ఉండి, వయసు ఇరవైల్లో ఉంటే ఆలోచించదగ్గది. ఆపరేషన్ అయ్యాక 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ తర్వాత గర్భం వచ్చినా ఐరన్, బీ12 లాంటివి జీవితాంతం జాగ్రత్తగా చూసుకోవాలి. ఇందులో గ్యాస్ట్రిక్ బైపాస్ (చిన్నది చేసిన జీర్ణాశయాన్ని నేరుగా పేగుకి కలిపే రకం) చేయించుకున్నవాళ్లకి గర్భంలో గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష పడకపోవచ్చు. కళ్లు తిరగడం, వాంతులు అవుతాయి. ముందే డాక్టరుకి చెప్పాలి.

సన్నగా ఉన్నవాళ్లకి ఎంపిక తిరగబడుతుంది

"సన్నగా, నాజూగ్గా ఉంది, ఈ అమ్మాయికేం సమస్య?" అంటారు. బీఎంఐ 18.5 లోపు ఉంటే సమస్య ఉండవచ్చు. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోను తగ్గితే, కడుపు మోసే శక్తి ఈ ఒంటికి లేదని మెదడు నిర్ణయించుకుంటుంది. అండాశయానికి పంపే సంకేతాలు తగ్గించేస్తుంది. పీరియడ్స్ పలచబడి, దూరమై, ఒక్కోసారి ఆగిపోతాయి.

లావుగా ఉన్నవాళ్ల విషయంలో "చికిత్స ఆపకండి" అన్న నేను ఇక్కడ దానికి ఎదురు చెప్తాను. బరువు తక్కువై పీరియడ్స్ ఆగితే ముందు బరువు పెరగండి. ఇలాంటివాళ్లలో గుడ్డు విడుదల చేసే మాత్రలు తరచూ పని చేయవు, ఎందుకంటే సంకేతం పంపాల్సిన మెదడే ఆగి కూర్చుంది. హార్మోన్ ఇంజెక్షన్లతో గుడ్డు రప్పించవచ్చు. కానీ తక్కువ బరువుతో కడుపు మోస్తే నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు బిడ్డ రిస్కు ఎక్కువ. రెండు మూడు కిలోలు పెరగడానికి పట్టే కాలం ఎటూ తక్కువే. నువ్వులుండలు, వేరుశనగ అచ్చులు, పూటకో గుడ్డు, పెరుగన్నంలో మీగడ, రాత్రి పాలు. విపరీతంగా పరుగులు పెట్టే, జిమ్ చేసే అలవాటుంటే కొన్నాళ్లు తగ్గించాలి.

కారణం లేకుండా తగ్గుతూ పోతుంటే మాత్రం తిండితో సరిపెట్టుకోకండి. థైరాయిడ్, షుగర్, టీబీ చూపించుకోండి. గర్భాశయానికీ, ట్యూబులకీ వచ్చే టీబీ మన దేశంలో సంతానలేమికి ఒక కారణం. దగ్గు లేకుండా కూడా ఉంటుంది.

సన్నగా ఉండి పీసీఓడీ ఉన్నవాళ్లు ఇంకో వర్గం. వీళ్లని కూడా "తగ్గండి" అనడం విన్నాను. తగ్గడానికేముంది? వీళ్లకి నేరుగా లెట్రోజోలే సరైన మొదటి మెట్టు.

భర్త బరువు ఎవరూ తూచరు

ఆరు నెలలు భార్య నడిచి, తిండి తగ్గించి, ఆరు కిలోలు దిగాక, అప్పుడు భర్తకి వీర్యపరీక్ష చేయిస్తే కణాల సంఖ్య బాగా తక్కువని తేలిన ఇళ్లు నాకు రెండు తెలుసు. కొన్ని వందల రూపాయలతో ఒక్క పూటలో అయ్యే పరీక్ష అది. దాన్ని చివరికి ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎవరి బరువు తగ్గించాలన్నా ముందు ఇది చేయించండి.

పొట్ట పెరిగిన మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గుతుంది. వీర్యకణాల సంఖ్య, కదలిక దెబ్బతినవచ్చు. అది తగ్గిందని జిమ్‌లో ఎవరో చెప్పారనో, నీరసంగా ఉందనో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేయించుకుంటే అసలుకే మోసం. బయటి నుంచి హార్మోను అందేసరికి లోపల వీర్యకణాల తయారీయే ఆగిపోతుంది. ఒక వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి ఆయన ఈ రోజు మొదలుపెట్టిన నడక, మానేసిన సిగరెట్టు ఫలితం మూడు నెలల తర్వాతే పరీక్షలో కనిపిస్తుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడానికి అంతకంటే మంచి కారణం లేదు.

ఏ దారి పట్టినా ముందు

థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, హీమోగ్లోబిన్ చూపించుకోండి. షుగర్ ఉన్నవాళ్లు హెచ్‌బీఏ1సీ 6.5 లోపుకి తెచ్చుకున్నాకే ప్రయత్నించడం మేలు. బీపీకీ, కొలెస్ట్రాల్‌కీ వాడే కొన్ని మాత్రలు గర్భంలో పనికిరావు, మార్పించుకోవాలి. ఫోలిక్ యాసిడ్ కనీసం రోజుకి 400 మైక్రోగ్రాములు, ప్రయత్నం మొదలుపెట్టే ముందు నుంచే. బీఎంఐ 30 దాటినా, షుగర్ ఉన్నా 5 మిల్లీగ్రాములది కావాలేమో డాక్టర్ని అడగండి.

"తగ్గి రండి" అని ఎవరైనా అంటే లేచి వచ్చేయకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని కిలోలు? ఎన్ని నెలల్లో? అప్పటికి తగ్గకపోతే తర్వాత ఏం చేస్తారు? మూడో ప్రశ్నకి జవాబు లేకపోతే ఇంకో డాక్టర్ని చూసుకోవడం మంచిది. నేను అదే చేశాను.

రెండో ఆవిడ తర్వాత బరువు తగ్గడానికి నాకు పెట్టిన గడువు నాలుగు నెలలు. వంటింటి క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ గీత గీశాను. ఆ రోజుకి తగ్గింది 3 కిలోల 600 గ్రాములు. పీరియడ్స్ 60 రోజుల నుంచి 38కి వచ్చాయి. ఆ నెల నుంచే లెట్రోజోల్ మొదలుపెట్టి, స్కాన్లకి తిరిగాం. మూడో నెలలో నెల తప్పింది. బరువు వల్లా, మాత్ర వల్లా అని అడిగితే ఆవిడ నవ్వి, "మీ ఆయన సిగరెట్లు మానేసి కూడా ఏడు నెలలైందిగా" అన్నారు.